స్థూలకాయమునకు శస్త్రచికిత్స: నిర్ణయమునకు తగిన కాలమేది?

మన సీమ కఱవుల సీమ. 1876 మొదలు 1878 వఱకు నిలిచిన ధాత కఱవు కర్నూలు, కడప, బళ్లారి ప్రాంతములను పీల్చి పిప్పిచేసిన కథ తరతరములుగా చెప్పుకొనుచు వచ్చినదే. అట్టి నేలపై ఒడలు నిండుగా నుండుట కలిమికి గుఱుతై, "పిల్ల ఒళ్లు చేసినది" యనుట మెప్పుమాట యయ్యెను. కోడలు చిక్కినచో అత్తవారింటి కూడు ఒంటబట్టలేదని పుట్టినింటివారు కుందెడివారు.

ఆ కాలము గడచినది. 1983లో రెండురూపాయల బియ్యపు పథకము వచ్చిన పిమ్మట వరియన్నము బీదయింటికిని నిత్యభోజన మయ్యెను. రాగిసంగటి, జొన్నరొట్టె, కొఱ్ఱన్నము కొంత వెనుకబడినవి. ఆకలి తీఱుట మేలే. కాని రోలు, తిరుగలి, బావిచేద మూలబడినవి. కూర్చుండి చేయు పని పెరిగినది. నూనెవంటకములు, చక్కెర పానీయములు దినదినము నోటికందుచున్నవి. 2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల వఱకు గల స్త్రీలలో నూటికి 36 మంది అధికభారము గలవారని తేలినది. ఆ సర్వేలోనే సగమునకు మించిన స్త్రీలకు రక్తహీనత కలదనియు తేలినది. కడుపు నిండినను నెత్తురు నిండలేదన్నమాట. ఈ రెండవ సంగతిని సోదరీమణులు మఱువరాదు; ముందు దీనితో పని యున్నది.

ఇట్టి యిండ్లలో నేడొక క్రొత్త ప్రశ్న పుట్టినది: బరువు తగ్గుటకై కడుపునకు శస్త్రచికిత్స చేయించుకొనవచ్చునా? మాకు తోచినంతవఱకు "చేయించుకొనవచ్చునా" యనుదానికంటె "ఎప్పుడు" అనునదియే కష్టమైన ప్రశ్న. అద్దమును చూచియో, పెండ్లిముహూర్తమును చూచియో, చుట్టముల నాలుకలకు వెఱచియో చేయించుకొనుట తొందరపాటు. బిడ్డల పెండ్లిండ్లు కానిమ్ము, ఇల్లు పూర్తికానిమ్ము అనుచు, వ్యాధి ముదిరి యవయవములు చెడువఱకు జరుపుట ఆలస్యము. ఈ రెంటికి నడుమ తగిన కాలమొకటి కలదు. దానిని కనుగొనుట కేయే సంగతులు తెలియవలెనో విచారింతము.

మొట్టమొదట స్థౌల్యమును తప్పుగా నెంచు నలవాటును విడువవలెను. చరకసంహిత సూత్రస్థానమున లోకము నిందించు నెనమండుగురిని చెప్పుచు అతిస్థూలునిని, అతికృశునిని విశేషముగా విచారించిరి. కృశునికంటె స్థూలునికి చికిత్స కష్టమనియు నందే చెప్పిరి. అతిభోజనము, వ్యాయామము లేమి, పగటినిద్ర మొదలగువానితోపాటు బీజస్వభావమును గూడ కారణముగా నెన్నిరి. తల్లిదండ్రులనుండి వచ్చు గుణము స్థౌల్యమునకు కొంత కారణమని నేటి వైద్యులును చెప్పుచున్నారు. అంతియకాదు, బరువు తగ్గినకొలది ఆకలి పుట్టించు రసములు దేహమున నెక్కువై, పోయిన బరువును మరల తెచ్చుటకు దేహమే పెనగులాడును. కావున పత్యముండి తగ్గి, మరల పెరిగిన యిల్లాలిని "నోరు కట్టుకొనలేదు" అని దెప్పుట న్యాయముకాదు.

రెండవది, ఏ శస్త్రచికిత్సను గూర్చి మాటలాడుచున్నామో తెలిసియుండవలెను. చర్మము క్రింది కొవ్వును గొట్టముతో లాగివేయు లైపోసక్షన్ వేఱు. జీర్ణకోశమును మార్చు బేరియాట్రిక్ శస్త్రచికిత్స వేఱు. మొదటిది ఆకారమును దిద్దుటకు గాని స్థౌల్యవ్యాధిని కుదుర్చుటకు గాదు. దానివలన మధుమేహము తగ్గదు, ఆకలియు మాఱదు. అది యపాయరహితమును గాదు. 2001లో "నువ్వు నాకు నచ్చావ్" చిత్రముతో తెలుగువారికి పరిచితురాలైన నటి ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6వ తేదీన, 31వ యేట, అమెరికాలోని న్యూజెర్సీలో మరణించెను. అంతకు కొన్ని వారముల ముందామె లైపోసక్షన్ చేయించుకొన్నట్లు పత్రికలు వ్రాసెను. నాజూకుతనమును కోరు లోకము ఆడుదానిపై నెంత బరువు మోపునో ఆ వార్త చదివినవారికి తోచకమానదు.

ఇక బేరియాట్రిక్ శస్త్రచికిత్స. అమెరికాలో 1950ల నాటికే ప్రేగులను దాటవేయు పద్ధతులు మొదలైనవి. వానివలన కలిగిన పోషకలోపములు తీవ్రమైనందున అవి మూలబడెను. 1966లో అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ అను వైద్యుడు గాస్ట్రిక్ బైపాసునకు నాంది పలికెను. నేడది చిన్న రంధ్రముల ద్వారా జరుగుచున్నది. బైపాసులో జీర్ణకోశపు పైభాగమున చిన్న సంచిని మాత్రము మిగిల్చి, దానిని చిన్నప్రేగునకు నేరుగా కలుపుదురు. స్లీవ్ గాస్ట్రెక్టమీ యనుదానిలో జీర్ణకోశమున నూటికి 75 మొదలు 80 పాళ్లు కోసి తీసివేసి, అరటికాయవంటి సన్నని గొట్టమును మిగిల్తురు. తీసిన భాగము మరల రాదు. ఈ పద్ధతులలో తినగల పరిమాణము తగ్గుటయేగాక ఆకలిని, చక్కెరను నడపు రసములును మాఱును. సామాన్యముగ ఒకటి రెండేండ్లలో మొత్తము బరువున నూటికి 25 మొదలు 30 పాళ్లు తగ్గును.

ఎవరికి తగునని నిర్ణయించుటకు వైద్యులు బి.ఎం.ఐ. యను కొలతను చూతురు. కిలోలలోని బరువును, మీటర్లలోని యెత్తును దానితోనే హెచ్చించగా వచ్చిన సంఖ్యచేత భాగించినచో నది వచ్చును. 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల సమావేశము 40 దాటినవారికి, తీవ్రవ్యాధులున్నచో 35 దాటినవారికి శస్త్రచికిత్స తగునని చెప్పెను. మన దేశీయులకు అదే బరువున కొవ్వెక్కువ. అదియు నడుము చుట్టును చేరును. మధుమేహమును ముందుగనే వచ్చును. అందుచేత 2009లో మన వైద్యులు ఆ హద్దులను 37.5కును, 32.5కును దించిరి. 2022లో రెండు పెద్ద వైద్యసంఘములు మరల ఆలోచించి, 35 దాటినచో వ్యాధులతో పని లేకయే తగుననియు, జీవక్రియల వ్యాధులున్నచో 30 మొదలుకొని యోచింపవచ్చుననియు, ఆసియావారికి 27.5 మొదలుకొనియే సూచింపవచ్చుననియు చెప్పిరి. హద్దులు దిగుచున్నవని అందఱును పరుగెత్తరాదు. హద్దు వాకిలి వంటిది. లోనికి పోవలెనో లేదో వేఱుగా విచారింపవలసియుండును.

మా యెఱుకలోని యిద్దఱి సంగతులు చెప్పుదుము. కర్నూలు ప్రాంతమున నొక కన్య, 22 ఏండ్లది. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 62 కిలోలు. చూడవచ్చిన పెండ్లివారు "పిల్ల బొద్దు" అని పోయిరట. తల్లి యేడ్చి, తండ్రి అప్పు తెచ్చి, శస్త్రచికిత్స చేయింప సిద్ధపడిరి. లెక్క కట్టగా ఆమె బి.ఎం.ఐ. 26కు లోపల. చక్కెర లేదు, రక్తపుపోటు లేదు. పరీక్షింపగా థైరాయిడ్ గ్రంథి మందగించియుండెను. మాత్ర వేసికొని, సాయంకాలము నడక సాగించి, ఆ పిల్ల ఐదారు కిలోలు తగ్గి, ఉద్యోగమునకు పోవుచున్నది. ఆమెకు రోగము మందగించిన గ్రంథి. శస్త్రచికిత్స కోరినది మాత్రము పెండ్లివారి కన్ను. ఇతరుల కన్నులకై ఆరోగ్యవంతమైన జీర్ణకోశమును కోయించుకొనుట యేనాటికిని తగిన కాలము గాదు.

రెండవయామె కడప ప్రాంతపు గృహిణి. ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 96 కిలోలు, అనగా బి.ఎం.ఐ. 41కి పైమాట. ఆఱేండ్లనుండి మధుమేహము. మోకాళ్లు నొప్పి, రాత్రి గుఱకతో ఊపిరి నిలిచి నిలిచి వచ్చుచుండెను. మూడుమార్లు పత్యముండి తగ్గి, మూడుమార్లు పెరిగెను. వైద్యులు శస్త్రచికిత్స చెప్పిరి. ఆమె కూతురి పెండ్లి యనెను. పిదప కొడుకు చదువు. పిదప మామగారి జబ్బు. ఐదేండ్లు గడచెను. మాత్రలు చాలక ఇన్సులిన్ పట్టెను. కంటిలోని రక్తనాళములు చెడెను. అందఱి పనులును తీఱినవి గాని ఆమె పని మిగిలిపోయెను.

ఈ యాలస్యమునకు మూల్యమెంతయో పరిశోధనలు చూపుచున్నవి. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్కువారు 2012లో ప్రకటించిన పరిశోధనలో, మూడు నెలల చక్కెర సగటును ఏడాదిలో 6కు దించుకొన్నవారు మందులతో మాత్రమే నూటికి 12 మంది. స్లీవుతో 37 మంది. బైపాసుతో 42 మంది. ఐదేండ్లకు చూడగా ఆ సంఖ్యలు 5, 23, 29 అయ్యెను. అనగా మేలు గొప్పదే గాని శాశ్వతమని యెవరును పూచీపడలేరు. మధుమేహము వచ్చి తక్కువ యేండ్లైనవారికి, ఇన్సులిన్ పట్టనివారికి ఫలితము మెఱుగు. క్లోమము పూర్తిగా డస్సిన పిదప బరువు తగ్గినను చక్కెర పూర్తిగా వెనుకకు మరలదు. స్వీడన్ దేశమున 1987లో మొదలిడి 4,047 మందిని సగటున పదేండ్లకు మించి గమనించిరి. శస్త్రచికిత్స పొందిన 2,010 మందిలో 101 మంది, పొందని 2,037 మందిలో 129 మంది ఆ కాలమున మరణించినట్లు 2007లో ప్రకటించిరి. వ్యాధితో కూడిన స్థౌల్యమునకు శస్త్రచికిత్స అలంకారము గాదు, ఆయుష్షునకు సంబంధించినదని దీనివలన తెలియుచున్నది.

అపాయములను దాచరాదు. అనుభవముగల చోట్ల వేయిమందిలో ఒకరు మొదలు ముగ్గురు వఱకు మరణము సంభవించును. కుట్టు కాఱుట, నెత్తురు పోవుట, కాళ్ల సిరలలో రక్తము గడ్డకట్టి యూపిరితిత్తులకు చేరుట గలవు. స్లీవు పిదప పుల్లని త్రేన్పులు, ఛాతిమంట హెచ్చవచ్చును. బైపాసు పిదప తీపి తినినచో చెమటలు, గుండెదడ, కడుపునొప్పి రావచ్చును. త్వరగా చిక్కుటచే పిత్తాశయమున రాళ్లు పుట్టవచ్చును. మూడవ నెల మొదలు కొంతకాలము జుట్టు రాలును. పిదప చాలవఱకు తిరిగి వచ్చును. చర్మము వ్రేలాడవచ్చును. కొందఱికి కొన్ని యేండ్లకు కొంత బరువు తిరిగి చేరును.

కావున ముందు తక్కిన మార్గములను నిజముగా చూడవలెను. థైరాయిడ్ మొదలగు గ్రంథుల దోషముగాని, వాడుచున్న మందుల ప్రభావముగాని కలదేమో వెదకించుకొనవలెను. వైద్యుని పర్యవేక్షణలో కొన్ని నెలలు ఆహారనియమము, నడక సాగింపవలెను. 2025 మార్చిలో టిర్జెపటైడ్, జూనులో సెమాగ్లుటైడ్ అను సూదిమందులు బరువు తగ్గుటకై మన దేశపు విపణికి వచ్చెను. వారమున కొకమారు వేసికొనునవి. పలువురికి చక్కని గుణము నిచ్చుచున్నవి. మానినచో బరువు చాలవఱకు మరల చేరుటయు పరిశోధనలలో కనబడినది. బి.ఎం.ఐ. మిక్కిలి హెచ్చై వ్యాధులు ముదురుచున్నవారు ఈ ప్రయత్నముల పేరిట యేండ్లకేండ్లు గడపరాదు.

స్త్రీలకు ముఖ్యమైన మాట యొకటి. గర్భిణికి ఈ శస్త్రచికిత్స చేయరు. చేసిన పిదప 12 మొదలు 18 నెలల వఱకు గర్భము ధరింపరాదని వైద్యులు చెప్పుదురు; ఆ కాలమున దేహము చిక్కుచుండును గనుక బిడ్డకు పోషణ చాలదు. అండాశయములలో నీటిబుడగల దోషముచే బిడ్డలు లేనివారికి బరువు తగ్గిన కొలది ఋతుక్రమము కుదిరి, అనుకొనకయే గర్భము నిలువవచ్చును. బైపాసు పిదప నోటిమాత్రలు సరిగా ఇంకకపోవచ్చును గాన గర్భనిరోధమునకు మఱియొక మార్గము అడిగి తెలిసికొనవలెను. సంతానము కోరు నూతన దంపతులు తమ వయస్సును, ఈ యేడాదిన్నరను కలిపి లెక్కవేసికొని గాని తేదీని నిర్ణయింపరాదు.

ముందు చెప్పిన రక్తహీనత యిచ్చట పనికివచ్చును. శస్త్రచికిత్స పిదప ఇనుము, బి12, డి విటమిన్, సున్నము తక్కువగా దేహమున కందును. జీవితాంతము మాత్రలు, ఏటేట రక్తపరీక్షలు తప్పవు. ముందే నెత్తురు తక్కువైనవారు దానిని సరిచేసికొని పిదపనే పోవుట మేలు. దినమునకు 60 గ్రాములకు తక్కువ గాకుండ మాంసకృత్తులు కావలెను, కడుపో చిన్నది. కావున అన్నముకంటె ముందు గ్రుడ్డు, పెరుగు, పప్పు, ఉలవలు, పనీరు తినవలెను. మొదటి రెండు వారములు పలుచని ద్రవములు, పిదప మెత్తని ముద్ద, నెలన్నర రెండు నెలలకు గాని మామూలు ఆహారము రాదు. నెమ్మదిగా నమలవలెను, భోజనముతో నీరు త్రాగరాదు, వేళ తప్పరాదు.

మన యిండ్లలో స్త్రీ యెట్లు తినుచున్నది? అందఱికి వడ్డించి, చల్లారిన అన్నమును, గిన్నె యడుగున మిగిలిన పులుసును నిలుచుండియే మ్రింగును. మిగిలినది పాఱవేయుట పాపమని అదియు తినును. పప్పు మగవారికి పోగా చారు తనకు. శ్రావణ మంగళవారములు, కార్తీక సోమవారములు ఉపవాసములు. ఈ పద్ధతి సాగుచున్నంత వఱకు శస్త్రచికిత్సకు ఆ యిల్లు సిద్ధము గాలేదని మా నిశ్చయము. ఆమె కంచము వేళకు ముందుగా పెట్టబడవలెను. ఆమె వంతు పప్పు, గ్రుడ్డు ఇంకొకరికి పోరాదు. మిగిలినది తినుమని యెవరును బలవంతపెట్టరాదు. వైద్యుడు కోయునది జీర్ణకోశమును. వంటింటి యాచారమును మార్చవలసినది ఇంటివారు.

మేము చెప్పిన కడప గృహిణి తుదకు శస్త్రచికిత్స చేయించుకొనెను. ముందు మూడు నెలలు చక్కెరను అదుపునకు తెచ్చుకొని, నెత్తురు పెంచుకొని పోయెను. రెండేండ్లలో 96 కిలోలు 70కి దిగెను. ఇన్సులిన్ నిలిచినది, మాత్రలు నిలువలేదు. గుఱక పోయినది, చెడిన కన్ను పూర్తిగా కుదురలేదు. మొదటి యేడు ఇనుపమాత్రలు మానుటచే నెత్తురు తగ్గి సూదులు పొడిపించుకొనవలసివచ్చెను. ఇప్పు డామె భర్తయే ఉదయమున గ్రుడ్లు ఉడికించి, మాత్రలు తీసి కంచము ప్రక్క పెట్టుచున్నాడు.

ధనమును, దూరమును గూడ లెక్కింపవలెను. మన ప్రాంతమునుండి పలువురు హైదరాబాదునకో బెంగుళూరునకో పోవుచున్నారు. శస్త్రచికిత్స జరుగుట కొన్ని దినముల పని; తరువాతి రాకపోకలు యేండ్ల పని. వాంతులు ఆగకున్నను, జ్వరము వచ్చినను, గుండె వేగము హెచ్చినను వెంటనే యెవరిని పిలువవలెనో ముందే తెలిసియుండవలెను. సామాన్యమైన రక్తపరీక్షలకు కర్నూలు, కడప పెద్దాసుపత్రులు దగ్గఱలో నున్నవి. ఏ పరీక్ష లెన్ని నెలలకో వ్రాయించుకొని రావలెను. 2019లో భీమా నియంత్రణ సంస్థ చేసిన నిబంధనల మేరకు, వయస్సు 18 నిండి, బి.ఎం.ఐ. 40 ఉన్నచో, లేక అదుపులేని మధుమేహము, గుండెజబ్బు, తీవ్రమైన నిద్రాశ్వాసరోగము వంటివానితో 35 ఉండి తక్కిన ఉపాయములు విఫలమైనచో గాని ఆరోగ్యభీమా ఈ ఖర్చును భరింపదు. వైద్యులు తగునన్న హద్దునకు, భీమావారు ఒప్పుకొను హద్దునకు భేదము కలదు. ఖర్చెవరు పెట్టుకొందురో తేదీ కుదుర్చుకొనుటకు ముందే తెలిసికొనుట మంచిది.

సోదరీమణులారా, ఈ ప్రశ్న యెదురైనవారు వైద్యుని కడకు పోవునపుడు కాగితముపై వ్రాసికొని పోవలసిన వివి: నా బరువువలన నాకు వచ్చిన వ్యాధు లేవి? కారణములన్నియు వెదకితిరా? ఏ పద్ధతి నాకు తగును, ఎందుచేత? ఆ శస్త్రచికిత్స మీ రెందఱికి చేసితిరి, ఎందఱికి కీడు కలిగెను? ఆఱు నెలలు ఆగినచో నాకు నష్టమా, లాభమా? వీనికి విసుగుకొను వైద్యుని విడిచి మఱియొకరిని చూడవచ్చును.

ఇంటివారు తమలో తాము వేసికొనవలసిన ప్రశ్న లింకను గలవు. ఈ కోరిక ఆమెదా, మనదా? దుఃఖము వచ్చినపుడెల్ల తినుట యామె కలవాటైనచో ఆ దుఃఖమును విచారించితిమా? నెలన్నర ఆమె పని యెవరు చేయుదురు? ఏడాది తరువాత ఆమె మాత్రలు గుర్తుంచుకొనువా రెవరు?

వ్యాధి నిజమై, ఇతరోపాయములు తీఱి, ఆమె మనస్సు స్థిరపడి, ఇంటివారు పై ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన దినమే తగిన కాలము. అది వచ్చిన పిదప పెండ్లిండ్లును పండుగలును అడ్డుపెట్టి జరుపరాదు. అది రాకమునుపు ఎవరెంత తొందరపెట్టినను లొంగరాదు.